సియెన్నా కొనాలంటే ఏ తరం బండి? అమ్మానాన్న, పిల్లలు, నాలుగు పెట్టెల లెక్క

అమ్మానాన్నలకు వీసా స్టాంపింగ్ అయిపోయిందని ఫోన్ వచ్చిందంటే, అమెరికాలో ఉన్న మన ఇళ్లలో వెంటనే వచ్చే మాట బండి గురించే. పిల్లలకు రెండు కార్ సీట్లు, ముందు మనిద్దరం, మరి వాళ్లిద్దరూ ఎక్కడ కూర్చోవాలి? ఎయిర్‌పోర్టులో దిగేసరికి ఒక్కొక్కరి చేతిలో రెండేసి 23 కిలోల పెట్టెలు, చేతిసంచులు. ఉన్న సెడాన్‌తో పని జరగదు. చాలా ఎస్‌యూవీల్లో మూడో వరస పేరుకే ఉంటుంది, పెద్దవాళ్లు మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చోవాలి. నాలుగు వారాలు తిరిగాక ఎక్కువమంది మినీవ్యాన్ల వైపు, అంటే టొయోటా సియెన్నా దగ్గరికో, హోండా ఒడిస్సీ దగ్గరికో వచ్చి ఆగుతారు.

ఇక్కడ ప్రధానంగా సియెన్నా గురించే రాస్తున్నాను. "2016ది దొరుకుతోంది, 2019ది దొరుకుతోంది, ఇంకొంచెం పెడితే 2021ది వస్తుంది, ఏది తీసుకోమంటావు?" అని నన్ను అడిగేవాళ్లు ఎక్కువ. మోడల్ సంవత్సరం, తిరిగిన మైళ్లు, ధర, ఈ మూడే పక్కపక్కన పెట్టి చూస్తారు. కానీ ఈ బండిలో ఒక తరానికీ మరో తరానికీ ఉన్న తేడా పాతా కొత్తా తేడా కాదు. ప్రతిసారీ ఇంజనీర్లు ఒకటి ఇచ్చి ఒకటి తీసుకున్నారు. ఆ ఇచ్చిపుచ్చుకోవడం ఎక్కువగా జరిగింది రెండో వరసలో. కాబట్టి ముందు మీ ఇంట్లో రెండో వరసలో ఎవరు కూర్చుంటారో తేల్చుకోండి. ఏ తరం కొనాలో దాదాపు అక్కడే తేలిపోతుంది.

సియెన్నాకు ముందు

టొయోటా అమెరికాలో కుటుంబాల కోసం 1991 మోడల్‌గా ప్రీవియా అనే వ్యాన్ అమ్మింది. జపాన్‌లో దాని పేరు ఎస్టిమా. కోడిగుడ్డు ఆకారం. ఇంజిన్‌ను 75 డిగ్రీలు పక్కకు వాల్చి ముందు సీట్ల కింద పెట్టారు. నేల చదునుగా వచ్చింది, బరువు ముందూ వెనకా సమంగా పడింది. ఇంజనీరింగ్‌గా చూస్తే ఎంతో అందమైన ఆలోచన. కాకపోతే సీటు కింద ఉన్న చోటులో వీ6, అంటే ఆరు సిలిండర్ల ఇంజిన్, పట్టదు. 2.4 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఇచ్చే 138 హార్స్‌పవర్‌తో, ఏడుగురిని ఎక్కించుకుని కొండ ఎక్కుతుంటే ఆయాసం. తర్వాత గాలి ఎక్కువ పంపి బలం పెంచే సూపర్‌చార్జర్ కూడా తగిలించారు. అయినా క్రిస్లర్ వ్యాన్లు ముందు చక్రాల డ్రైవ్‌తో, వీ6 ఇంజిన్లతో మార్కెట్‌ను పట్టేశాయి.

ప్రీవియా కథ ఎందుకు చెబుతున్నానంటే, తర్వాతి పాతికేళ్లు టొయోటా అమెరికా వ్యాన్‌ను ఆ పాఠంతోనే నడిపింది: పెద్ద వీ6, క్యామ్రీకి దగ్గరి ఛాసీ, అమెరికాలోనే ఫ్యాక్టరీ. అదే సమయంలో జపాన్‌లో ఎస్టిమా తన దారిన తను సాగింది. 2001లోనే పెట్రోల్ ఇంజిన్‌కు ఎలక్ట్రిక్ మోటార్ జోడించిన ఎస్టిమా హైబ్రిడ్ వచ్చింది. వెనక చక్రాలకు విడిగా ఎలక్ట్రిక్ మోటార్ పెట్టిన ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ బలం అందే పద్ధతి) దానిది. ఆ రెండు దారులూ మళ్లీ కలవడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

మొదటి తరం (1998–2003)

కెంటకీలోని జార్జ్‌టౌన్‌లో క్యామ్రీ పక్కనే తయారైంది. 3.0 లీటర్ల వీ6. నెమ్మదస్తురాలు, నమ్మకస్తురాలు. కాకపోతే 1997–2002 మధ్య వచ్చిన ఆ ఇంజిన్లు కొన్నింటిలో ఆయిల్ గడ్డకట్టి బురదలా మారే సమస్య బయటపడింది. కంపెనీ ఎనిమిదేళ్ల రక్షణ ఇచ్చింది, ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. ఇప్పుడు ఈ తరాన్ని వెతికి మరీ కొనడానికి నాకు కారణం కనబడదు.

రెండో తరం (2004–2010): రోడ్డు మీద పుట్టిన బండి

ఈ తరం మీద నాకు ప్రత్యేకమైన గౌరవం. దీని చీఫ్ ఇంజనీర్ యూజీ యోకోయా. అప్పటిదాకా ఆయన ఉత్తర అమెరికా కోసం బండి చేయలేదు. జపాన్‌లో కూర్చుని గీతలు గీసే బదులు, ఆయన అమెరికాలోని 50 రాష్ట్రాలూ, కెనడాలోని ప్రతి రాష్ట్రమూ, మెక్సికో అంతా తిరిగాడు. మొత్తం 53,000 మైళ్లు.

ఆ ప్రయాణం ఊరికే పోలేదు. కెనడాలో రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా ఉంటుందని గమనించాడు. మంచు ఎక్కువ కాబట్టి నీరు జారిపోవాలని అలా వేస్తారు. అలాంటి చోట బండి పక్కకు లాగకూడదు. మిసిసిపీ నది మీద వంతెన దాటుతుంటే ఈదురుగాలి బండిని నెట్టింది, పక్కగాలికి తట్టుకునే స్థిరత్వం కావాలనుకున్నాడు. శాంటా ఫేలో ఇరుకు వీధుల్లో మలుపు తిప్పడానికి ఇబ్బంది పడ్డాడు. అలాస్కాలో కంకర రోడ్లు చూసి ఆల్ వీల్ డ్రైవ్ అవసరం అనుకున్నాడు. అమెరికన్లు బండిలోనే తింటారు, తాగుతారు అని చూసి కప్ హోల్డర్లు పెంచాడు. ఇల్లు బాగుచేసుకునే సామాన్ల దుకాణం ముందు నిలబడి, నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న ప్లైవుడ్ షీట్లు జనం ఎలా ఎక్కిస్తున్నారో చూసి, అది లోపల పడుకోబెట్టేంత చోటు ఉండాలని పట్టుబట్టాడు.

ఫలితం మీరు పార్కింగ్‌లో తిప్పితే చేతికి తెలుస్తుంది. బండి పొడవు అరడుగు పైగా పెరిగింది, కానీ తిరిగే వలయం పాతదానికన్నా దాదాపు మూడడుగులు తగ్గింది. శనివారం పూట గుడి పార్కింగ్‌లో ఖాళీ కోసం తిరిగేవాళ్లకు ఆ మూడడుగుల విలువ చెప్పక్కర్లేదు.

మూడో వరస నేలలోకి మడిచేయడం, 60:40గా విడగొట్టడం, ఆల్ వీల్ డ్రైవ్, ఎనిమిది సీట్ల ఏర్పాటు, ఇవన్నీ ఈ తరంతోనే వచ్చాయి. ఫ్యాక్టరీ కూడా ఇండియానాలోని ప్రిన్స్‌టన్‌కు మారింది.

కొనేవాళ్లు ఈ తరంలో ఒక గీత గీసుకోవాలి. 2004–2006 బళ్లలో 3.3 లీటర్ల ఇంజిన్‌కు లోపలి భాగాలను ఒక లయలో తిప్పే టైమింగ్ బెల్ట్ ఉంటుంది, 90,000 మైళ్లకోసారి మార్చాలి. మార్చినట్టు కాగితం చూపించకపోతే మార్చలేదనే లెక్కేసుకోండి. 2007 నుంచి 3.5 లీటర్ల 266 హార్స్‌పవర్ ఇంజిన్ వచ్చింది, దానికి బెల్ట్ బదులు చైన్. కాబట్టి ఈ తరంలో కొంటే 2007 తర్వాతదే కొనండి. మంచు రాష్ట్రాల్లో తిరిగిన బండైతే కింద వేలాడే స్పేర్ టైర్ కేబుల్ చూడాలి. ఉప్పుకు తుప్పుపట్టి టైర్ ఊడిపడే ప్రమాదం ఉందని 2010లో 1998–2010 బళ్లకు రీకాల్ (కంపెనీ బళ్లను వెనక్కి పిలిచి లోపం సరిచేయడం) వచ్చింది. కరెంటుతో జరిగే తలుపుల కేబుళ్లు తెగడం కూడా ఈ వయసు బళ్లలో మామూలే, రిపేరు ఖరీదైనదే.

ఎవరికి? మొదటి ఉద్యోగం, చిన్న బడ్జెట్, దగ్గర్లో నమ్మకమైన మెకానిక్ ఉన్నవాళ్లకి. అత్యవసరంగా ఓ రెండేళ్లు నెట్టుకొస్తే చాలనుకునేవాళ్లకి.

మూడో తరం (2011–2020): పదేళ్లలో మూడు బళ్లు

బయటి ఆకారం ఒకటే కాబట్టి ఈ పదేళ్ల బళ్లన్నీ ఒకటే అనుకుంటారు. అక్కడే డబ్బులు పోతాయి.

2011, 2012లో 2.7 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్ కూడా ఇచ్చారు. ఇంత పెద్ద బండిని 187 హార్స్‌పవర్‌తో లాగితే పెట్రోల్ పెద్దగా మిగలదు, ఓపిక మాత్రం పోతుంది. అది వద్దు. వీ6 చూడండి.

2015లో లోపలి భాగం మార్చారు. అప్పటిదాకా ఉన్న గట్టి ప్లాస్టిక్ తగ్గింది. ముందు సీట్లోంచి మైక్ ద్వారా వెనకవాళ్లతో మాట్లాడే ఏర్పాటు పై మోడళ్లలో వచ్చింది. మూడో వరసలో కూర్చున్న నాన్నగారికి "ఇంకో అరగంటలో దిగుతాం" అని అరవక్కర్లేకుండా చెప్పవచ్చు. చిన్న సంగతే, దూరప్రయాణంలో పెద్ద సుఖం.

2017లో ఇంజిన్ 296 హార్స్‌పవర్‌కు పెరిగింది, ఎనిమిది గేర్ల ట్రాన్స్‌మిషన్ జతైంది. 2018లో టొయోటా సేఫ్టీ సెన్స్ అన్ని మోడళ్లకూ వచ్చింది. ఎదురుగా అడ్డం వస్తే దానంతట అదే బ్రేక్ వేసుకోవడం, లేన్ దాటితే హెచ్చరించడం, ముందు బండి వేగాన్ని బట్టి నడిచే క్రూయిజ్. 2019లో ఐఫోన్ యాప్‌లను బండి తెర మీద వాడుకునే యాపిల్ కార్‌ప్లే చేరింది. ఆండ్రాయిడ్ ఫోన్ వాళ్లకు ఆ సౌకర్యం రావడానికి తర్వాతి తరం దాకా ఆగాల్సి వచ్చింది.

అందుకే మూడో తరమంటే నా లెక్కలో 2018–2020. బేరం బాగుంటే 2015–2017. అంతకు ముందువి ధర బాగా తక్కువైతేనే. 2011–2016 బళ్లకు పక్క తలుపులు నడుస్తుండగా తెరుచుకునే ప్రమాదం ఉందని 2016 చివర్లో భారీ రీకాల్ ప్రకటించారు. అమెరికాలోనే దాదాపు 7,44,000 బళ్లు. మీరు చూస్తున్న బండికి ఆ పని చేయించారో లేదో తప్పకుండా తెలుసుకోండి.

ఈ తరం అసలు బలం రెండో వరస సీట్లు. వాటిని పూర్తిగా ఊడదీసి గరాజ్‌లో పెట్టేయవచ్చు. మూడో వరస నేలలోకి మడిస్తే లోపల 150 ఘనపుటడుగుల ఖాళీ. అద్దె ఇల్లు మారేటప్పుడు మంచం, సోఫా, పరుపు అన్నీ ఇందులోనే తోలేసినవాళ్లు నాకు తెలుసు. ఎనిమిది సీట్ల బండిలో రెండో వరస మధ్య సీటు చిన్నది. దాన్ని తీసి వెనక పక్కగోడలో దాచుకోవచ్చు. అది తీస్తే మూడో వరసకు మధ్యలోంచి నడిచి వెళ్లే దారి ఏర్పడుతుంది. కార్ సీట్లు కదపకుండా వెనక్కి వెళ్లగలగడం పిల్లలున్న ఇంట్లో ఎంత హాయో అనుభవించినవాళ్లకే తెలుసు.

అన్నిటికన్నా పైదైన లిమిటెడ్ మోడల్లో కాళ్లు చాపుకునే ఒట్టోమన్ సీట్లుంటాయి. చూడ్డానికి బాగుంటాయి గానీ బరువు, ఏడు సీట్లకే పరిమితం. నా ఓటు దాని కింది మెట్టైన ఎక్స్‌ఎల్‌ఈ మోడల్‌కి, అదీ ఎనిమిది సీట్లదానికి.

నాలుగో తరం (2021 నుంచి): ఇచ్చిందేమిటి, తీసుకున్నదేమిటి

2021తో టొయోటా వీ6ను పూర్తిగా తీసేసింది. అన్నీ హైబ్రిడ్‌లే. 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్, ఎలక్ట్రిక్ మోటార్లు కలిపి 245 హార్స్‌పవర్. ముందు చక్రాల డ్రైవ్‌లో గాలన్‌కు 36 మైళ్లు, ఆల్ వీల్ డ్రైవ్‌లో 35. వెనక చక్రాలకు షాఫ్ట్ లేదు, విడి మోటార్ ఉంది. 2001లో జపాన్ ఎస్టిమాలో చూసిన ఆలోచనే ఇది.

ఈ ట్రాన్స్‌మిషన్‌ను సీవీటీ (విడివిడి గేర్లు మారకుండా నడిచేది) అంటారు కాబట్టి చాలామంది భయపడతారు. ఇతర కంపెనీల బెల్ట్ సీవీటీ పాడైన కథలు వినివుంటారు. ఇది ఆ రకం కాదు. బెల్ట్ లేదు. గ్రహాల్లా తిరిగే గేర్ల సమూహంతో ఇంజిన్‌నూ మోటార్లనూ కలుపుతారు. విడి స్టార్టర్ మోటార్, ఆల్టర్నేటర్ కూడా ఉండవు. బ్రేక్ వేసినప్పుడు మోటారే జనరేటర్‌గా మారి బ్యాటరీ నింపుతుంది కాబట్టి బ్రేక్ ప్యాడ్లు కూడా నెమ్మదిగా అరుగుతాయి. ప్రియస్ కాలం నుంచి నలిగిన పద్ధతి. హైబ్రిడ్ బ్యాటరీకి 10 ఏళ్లు లేదా 1,50,000 మైళ్ల వారంటీ ఉంది. ఆ బ్యాటరీ ముందు సీట్ల కింద ఉంటుంది, దాన్ని చల్లబరిచే గాలి కూడా అక్కడి రంధ్రాల్లోంచే పోవాలి. సీటు కింద సంచులు, చెప్పులు కుక్కకండి.

ఇక తీసుకున్న సంగతి. రెండో వరస సీట్లు ఊడి రావు. వాటిలోనే ఎయిర్‌బ్యాగులు పెట్టారు. ముందుకూ వెనక్కూ జరపవచ్చు, అంతే. అందువల్ల గరిష్ఠ ఖాళీ 150 నుంచి 101 ఘనపుటడుగులకు తగ్గింది. మూడో వరస వెనక సామాను చోటు కూడా 39 నుంచి 33.5కి దిగింది. ఏడుగురూ కూర్చుని ఎయిర్‌పోర్టు నుంచి వచ్చేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. ఫ్రీవే మీదకు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజిన్ శబ్దం లోపలికి వినిపిస్తుంది. పాత వీ6 ఆ పనిని గొణక్కుండా చేసేది.

ఏడు సీట్ల మోడళ్లలో రెండో వరస సీటు 25 అంగుళాల దాకా వెనక్కి జరుగుతుందని గొప్పగా చెబుతారు. నిజమే. కాకపోతే అంత వెనక్కి జరిపితే మూడో వరసలో కాళ్లు పెట్టుకునే చోటు ఉండదు. ఇద్దరు పెద్దవాళ్లు మాత్రమే వెనక ఉన్న ప్రయాణంలో అది రాజభోగం, ఇల్లంతా కదిలిన రోజు పనికిరాదు. ఇండియాలో ఇన్నోవా హైక్రాస్ ఎక్కినవాళ్లకు ఈ హైబ్రిడ్ తీరు కొత్తగా అనిపించదు. క్రిస్టా డీజిల్ అలవాటున్న నాన్నలు మాత్రం సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోయిందేమిటని ఒకటి రెండు సార్లు కంగారు పడతారు.

పెట్రోల్ లెక్క వేసుకుందాం

మూడో తరం వీ6 గాలన్‌కు సుమారు 21 మైళ్లు ఇస్తుందనుకుందాం, నాలుగో తరం 36. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగితే మొదటిది 571 గాలన్లు తాగుతుంది, రెండోది 333. తేడా దాదాపు 238 గాలన్లు. గాలన్ మూడున్నర డాలర్లయితే ఏడాదికి 830 డాలర్ల పైచిలుకు. ఏడాదికి 20,000 మైళ్లయితే తేడా 1,390 డాలర్ల దాకా పోతుంది.

ఇప్పుడు మీరు చూస్తున్న రెండు బళ్ల ధరల తేడాను ఈ అంకెతో భాగించండి. ఉదాహరణకు తేడా 10,000 డాలర్లయి మీరు 12,000 మైళ్లే తిరిగేవాళ్లయితే, పెట్రోల్ మీద ఆ డబ్బు తిరిగి రావడానికి పన్నెండేళ్లు. 20,000 మైళ్లవాళ్లకు ఏడేళ్లు. ఇంటి నుంచి పనిచేస్తూ వారానికి రెండుసార్లు కిరాణాకీ, ఒకసారి గుడికీ వెళ్లేవాళ్లు మైలేజీ కోసమే హైబ్రిడ్ కొనడం నాకు సమంజసంగా తోచదు. రోజూ 50 మైళ్లు ట్రాఫిక్‌లో ఆగి కదిలేవాళ్లు మాత్రం కళ్లు మూసుకుని హైబ్రిడ్ తీసుకోవచ్చు. ఆగుతూ కదిలే చోటే దాని లాభం ఎక్కువ. ట్యాంకు 18 గాలన్లు కాబట్టి డల్లాస్ నుంచి హ్యూస్టన్ వెళ్లి, మీనాక్షి గుడి చూసుకుని, మధ్యలో పెట్రోల్ పోయించకుండా తిరిగి రావచ్చు.

మరి ఎవరికి ఏది?

ఐదేళ్లలోపు పిల్లలిద్దరు, ఏటా ఆరునెలలు అమ్మానాన్నో అత్తమామలో ఉండే ఇల్లైతే 2018–2020 ఎనిమిది సీట్ల ఎక్స్‌ఎల్‌ఈ. కార్ సీట్లు రెండో వరస అంచుల్లో, మధ్య సీటు తీసేసి దారి. మోకాళ్ల నొప్పి లేని పెద్దాయన మూడో వరసలోకి హాయిగా వెళ్లగలడు. ఇద్దరికీ నొప్పులుంటే ఒక కార్ సీటును మూడో వరసకు మార్చి, పెద్దవాళ్లలో ఒకరిని రెండో వరసలో, ఇంకొకరిని ముందు కూర్చోబెట్టండి. మా అమ్మ పొడవాటి ఎస్‌యూవీ ఎక్కడానికి చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని రెండు అడుగులు వెనక్కి వేసేది. సియెన్నాలో తలుపు జరిగితే, నేల తక్కువ ఎత్తులో ఉండి, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చునేది. ఆ ఒక్క దృశ్యం కోసమే నేను వ్యాన్ల పక్షం.

పిల్లలు పదేళ్లు దాటి, వాళ్లే వెనక్కి దూరిపోయే వయసైతే, ఇల్లు మారే పనులు అయిపోయివుంటే, నాలుగో తరం. ఇక్కడ ఏడు సీట్లే మేలు. రెండో వరసలో రెండు విడి కుర్చీల్లో అమ్మానాన్న, వెనక పిల్లలు.

మిచిగన్, షికాగో, బఫెలో లాంటి మంచు ప్రాంతాల్లో ఆల్ వీల్ డ్రైవ్ తీసుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. రెండో, మూడో తరాల ఆల్ వీల్ డ్రైవ్ బళ్లకు స్పేర్ టైర్ లేదు. గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లిచ్చారు. అవి ఖరీదు, త్వరగా అరుగుతాయి. ముందు చక్రాల డ్రైవ్‌కు నాలుగు మంచి స్నో టైర్లు వేసుకున్నా చాలా ఊళ్లలో సరిపోతుంది.

ఒడిస్సీ మాట కూడా ఒక్క ముక్క. 2018 నుంచి వచ్చిన తరంలో 280 హార్స్‌పవర్ వీ6, పక్కకు కూడా జరిగే రెండో వరస సీట్లు, వాటిని ఊడదీసే వీలు ఉన్నాయి. నడపడానికి సియెన్నా కన్నా చురుగ్గా ఉంటుంది. మైలేజీ 22. ఆల్ వీల్ డ్రైవ్ లేదు. హైబ్రిడ్ వద్దు, సీట్లు ఊడదీయాలి, మంచు లేని ఊరు అనుకునేవాళ్లు మూడో తరం సియెన్నాతో పాటు దాన్నీ నడిపి చూడాలి.

చూడటానికి వెళ్లినప్పుడు

పక్క తలుపులు రెండూ పదేసి సార్లు తెరిచి మూయండి, బటన్‌తోనూ చేత్తోనూ. మధ్యలో తడబడినా, గరగరమన్నా బేరం తగ్గించాలి. మూడో తరం బండైతే సీట్లన్నీ లెక్కపెట్టండి. పాత యజమాని గరాజ్‌లో పెట్టి మర్చిపోయిన సీటు మీకు రాదు, విడిగా కొనబోతే దిమ్మతిరిగే ధర. వెనక ఏసీ విడిగా ఆన్ చేసి మూడో వరసలో కూర్చుని చూడండి. బండి నంబరుతో ప్రభుత్వ రీకాల్ సైట్లో వెతికితే మిగిలిపోయిన పనులు తెలుస్తాయి, అవి ఉచితంగా చేస్తారు. ధర మరీ తక్కువుంటే టైటిల్ (యాజమాన్య పత్రం) సాల్వేజా, రీబిల్టా అని, అంటే బాగా దెబ్బతిన్న బండా, దెబ్బతిన్నాక బాగుచేసిందా అని అడగండి. అలాంటి బండి ఒకటి మా బంధువుల అబ్బాయి ఓ చిన్న డీలర్ దగ్గర మురిసిపోయి కొన్నాడు. తర్వాత అమ్మబోతే సగం ధర కూడా రాలేదు.

అన్నిటికన్నా ముందు, వీలైతే ఆ రోజు ఇంటిల్లిపాదీ వెళ్లండి. మీ కార్ సీట్లు మీరే పట్టుకెళ్లి బిగించండి, స్ట్రోలర్ వెనక పెట్టండి, పెద్దవాళ్లు ఎవరైనా ఊళ్లో ఉంటే వాళ్లను మూడో వరసలోకి ఎక్కి దిగమనండి. డీలర్ విసుక్కుంటాడేమో, విసుక్కోనివ్వండి. పావుగంట అలా కూర్చున్నాక "కాళ్లు చాపుకోవచ్చురా" అని అమ్మ అంటే, అప్పుడు ధర మాట్లాడటం మొదలుపెట్టండి.